ధమనిలో గార పట్టునా?

గుండెపోటును గూర్చి తరగతిలో చెప్పవలసి వచ్చినపుడు ఉపాధ్యాయులు నల్లబల్లపై సాధారణముగ గీచు బొమ్మ ఒకటే. ఒక గొట్టము, దాని లోపలి అంచున పసుపు సుద్దతో కొవ్వు, నడుమ సన్నని దారి, ఆ దారికి అడ్డముగ ఒక ఎర్రని చుక్క. నీటి గొట్టమునకు గార పట్టినట్లే రక్తనాళమునకు కొవ్వు పట్టుననియు, దారి పూర్తిగ మూసికొన్ననాడు గుండె దెబ్బతినుననియు విద్యార్థి నేర్చుకొని ఇంటికి పోవును. సికింద్రాబాదు వంటి రైల్వే పట్టణములో ఈ పోలిక మరింత సులభముగ నాటుకొనును. లాలాగూడ కర్మశాల 1893లో ఏర్పడినది. ఆవిరి యంత్రముల కాలములో బాయిలరు గొట్టములకు పట్టిన సున్నపు గారను గీకివేయుట ఎంత ముఖ్యమైన పనియో ఆ యంత్రములతో బ్రతికిన కుటుంబములకు తెలియును. గీకిన బాయిలరు మరల నడచును. గుండె కూడ అంతేనని అనుకొనుటకు అడ్డేమున్నది?

అడ్డమున్నది. ఈ పోలిక ఇంతకాలము నిలుచుటకు కారణము అందులో సగము నిజముండుటయే. మిగిలిన సగము వలన రోగులు నష్టపోవుచున్నారు. కాబట్టి దీనిని కొంచెము నిశితముగ పరీక్షింపవలసి యున్నది.

మొదటి లోపము కొవ్వు చేరు చోటును గూర్చినది. బాయిలరు గొట్టములో గార నీటికి తగులు ముఖముపై పేరుకొనును. ధమనిలో అట్లు కాదు. ధమని గోడకు మూడు పొరలున్నవి. వానిలో లోపలి పొరపై, రక్తమును తాకుచు, ఒకే వరుస కణములతో పరచిన పలుచని పూత ఉన్నది. కొలెస్టెరాలును మోసికొనిపోవు అతి సూక్ష్మ గోళములు (ఎల్.డి.ఎల్. అని వీనికి వాడుక పేరు) ఈ పూతను దాటి దాని అడుగున చిక్కుకొనును. ధమని వంపు తిరుగు చోట్లను, శాఖలుగ చీలు చోట్లను రక్తప్రవాహము సాఫీగ ఉండదు; ఈ చిక్కుకొనుట అక్కడనే ఎక్కువ. అనగా వ్యాధి గొట్టము లోపల లేదు, గొట్టపు గోడలో ఉన్నది. నల్లబల్లపై పసుపు సుద్దను ఒక అంగుళము ప్రక్కకు జరిపినచో పాఠము సగము మారిపోవును.

రెండవ లోపము ఇంతకంటె పెద్దది. ఇనుప గొట్టము తనకు పట్టిన గారను ఎరుగదు, ధమని ఎరుగును. 1987లో సేమూర్ గ్లాగొవ్, అతని సహచరులు మరణానంతరము తీసిన 136 గుండెలలో ఎడమవైపు ప్రధాన హృదయ ధమనిని కోసి కొలిచిరి. గోడలో వ్యాధి ఫలకము పెరుగుచున్నకొలది ధమని వెలుపలికి వ్యాకోచించి, లోపలి దారిని కాపాడుకొనుచున్నట్లు వారు చూపిరి. ధమనికి గల వైశాల్యములో సుమారు 40 శాతమును ఫలకము ఆక్రమించువరకు దారి ఇరుకు కాకపోవచ్చును. ఈ పని ఏ గొట్టమును చేయజాలదు. మరి, ధమనిలోనికి రంగు ద్రవము నెక్కించి తీయు ఎక్స్-రే చిత్రము, అనగా యాంజియోగ్రాము, చూపునది ఆ దారినే గాని గోడను కాదు.

ఇక్కడనే పోలిక అపాయకరమగును. "నలువది శాతమే బ్లాకు ఉన్నది" అని విన్న రోగి గొట్టము అరువది శాతము తెరచియే ఉన్నదని సంతసించి, మందులు మానివేయుట అరుదు కాదు. 1988లో అమెరికాలో లిటిల్ అను వైద్యుని బృందము, ముందొకసారి యాంజియోగ్రాము తీయబడి, తరువాత గుండెపోటు వచ్చిన 29 మంది చిత్రములను పోల్చి చూచెను. వారిలో 19 మందికి, తరువాత మూసికొనిపోయిన ధమనిలో మొదటి చిత్రమునాటికి ఇరుకు సగముకంటె తక్కువగ ఉండెను. ఇరువది తొమ్మిది మంది అనునది చిన్న సంఖ్య. దీనినిబట్టి పెద్ద ఇరుకు అపాయము కాదని ఎవరును భావింపరాదు. చిన్న ఫలకములు లెక్కకు ఎక్కువ గనుక ప్రమాదములును వానివద్ద ఎక్కువ జరుగుచుండవచ్చును. కాని ఇరుకు ఎంత అను ఒక్క ప్రశ్నతో ఈ వ్యాధిని కొలువరాదని మాత్రము తేలినది.

గొట్టపు పోలికను రెండవ విధముగను పరీక్షించిరి. గార తీసిన బాయిలరు బాగుపడునట్లే, ఇరుకును తీగజాలి గొట్టముతో, అనగా స్టెంటుతో, తెరచినచో ప్రాణాపాయము తప్పవలెను గదా. నిలకడగ ఉన్న గుండె నొప్పితో బాధపడు 2,287 మందిపై జరిగిన 'కరేజ్' పరీక్ష 2007లోను, 5,179 మందిపై జరిగిన 'ఇస్కీమియా' పరీక్ష 2020లోను వెలువడినవి. మంచి మందులు మాత్రమే వాడినవారితో పోల్చగా, అదనముగ ఇరుకు తెరిపించుకొన్నవారిలో మరణములు తగ్గలేదు. నొప్పి ఉన్నవారికి నొప్పి తగ్గినది. అది చిన్న లాభము కాదు. గుండెపోటు వచ్చిన ఘడియలో మూసికొన్న ధమనిని వెంటనే తెరచుట ప్రాణము నిలుపు చికిత్స. ఈ పరీక్షలు దానిని గూర్చినవి కావు. ఈ భేదము చెప్పకుండ "స్టెంట్లు దండుగ" అని ప్రచారము చేయువారు గొట్టపు పోలికకంటె ఎక్కువ హాని చేయుచున్నారు.

గొట్టము కాకున్న మరేమని చెప్పవలెను? తెలుగులోనే ఒక మంచి మాట ఉన్నది: సెగగడ్డ. సెగగడ్డ చర్మముపై పట్టిన మట్టి కాదు. చర్మము లోపల శరీరము చేయుచున్న పోరాటము. అక్కడ ఎరుపు, వాపు, వేడిమి, నొప్పి ఉండును. ఈ నాలుగింటిని క్రీ.శ. మొదటి శతాబ్దిలోనే సెల్సస్ అను రోమను రచయిత గుర్తుగ వ్రాసెను. దెబ్బ తగిలిన చోటికి, లేక పరాయి పదార్థము చేరిన చోటికి తెల్లకణములు పరుగెత్తుట, అక్కడి శత్రువును మ్రింగుట, శిథిలములను తొలగించుట, గాయమును మాన్పుట — ఈ క్రియ నంతటిని కలిపి శోథము అందురు. వాడుకలో వాపు అనియు, మంట అనియు, తాపము అనియు చెప్పుదురుగాని ఇవి ఒక్కొక్క లక్షణమునకే పేర్లు. ధమని గోడలో జరుగు శోథమునకు కంటికి కనబడు ఎరుపు లేదు, చేతికి తగులు వేడి లేదు, చాలకాలమువరకు నొప్పియు లేదు. అందుచేతనే వాపు అను మాటతో విద్యార్థి తప్పు బొమ్మ ఊహించుకొనును.

ధమనిలో జరుగు కథ ఇట్లుండును. పూత అడుగున చిక్కిన ఎల్.డి.ఎల్. గోళములు రసాయనికముగ మార్పు చెందును. పూతకణములు దానిని ప్రమాదముగ గ్రహించి, తమ ఉపరితలముపై జిగురువంటి అణువులను నిలుపును. రక్తములో పోవుచున్న తెల్లకణములలో మోనోసైటులనునవి వానికి అంటుకొని, సందు చేసికొని గోడలోనికి దూరి, భక్షక కణములుగ మారును. అవి కొలెస్టెరాలును మ్రింగుచు మ్రింగుచు నురుగు నిండినట్లుబ్బి, కొన్ని అక్కడనే చచ్చును. మ్రింగిన కొలెస్టెరాలు స్ఫటికములైనపుడు కణములో ఒక హెచ్చరిక యంత్రాంగము మేల్కొని, ఇంటర్‌ల్యూకిన్-1బీటా అను సంకేత పదార్థమును వెలువరించునని 2010లో కనుగొనిరి. ఆ సంకేతముతో మరికొన్ని కణములు వచ్చును. చీము వెడలి మానిపోవు సెగగడ్డవలె ఇది మానదు. ఎందుకనగా రక్తములో ఎల్.డి.ఎల్. ఉన్నంతకాలము సరకు వచ్చుచునే యుండును. ఇంతలో గోడలోని కండరకణములు పైకి ప్రాకి, నారతో ఒక కప్పు అల్లి ఈ గడ్డను మూసివేయును. కప్పు దట్టముగ ఉన్నచో రోగి ఎనుబది ఏండ్లు బ్రతికి వేరొక వ్యాధితో పోవచ్చును. భక్షక కణములు వెదజల్లు ఎంజైములు ఆ నారను కొరికి కప్పును పలుచన చేసినచో అది ఒకనాడు చిట్లును. లోపలి పదార్థము రక్తమునకు తగిలిన క్షణములలో రక్తము గడ్డకట్టును. చాల గుండెపోటులలో ధమనిని మూయునది ఆ రక్తపు గడ్డయే. ఏండ్ల తరబడి పేరుకొన్న కొవ్వు కాదు.

ఈ వ్యాధికి మన పుస్తకములలో ఉన్న పేరు కూడ విమర్శకు గురికావలసినదే. ధమనీకాఠిన్యము అనుచున్నారు. 1904లో ఫెలిక్స్ మార్షాండ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు అథెరోస్క్లెరోసిస్ అను పేరు కల్పించినపుడు రెండు గ్రీకు మాటలు కలిపెను. మొదటిదానికి అంబలి అని అర్థము, రెండవదానికి గట్టిదనమని అర్థము. లోపల అంబలి, పైన గట్టి కప్పు — వ్యాధి స్వరూపమంతయు అందులో ఉన్నది. తెలుగు పేరులో గట్టిదనము మిగిలినది, అంబలి ఒలికిపోయినది. ప్రాణము తీయునది అంబలి భాగమే గదా!

శోథమను భావము క్రొత్తది కాదు. 1850 ప్రాంతములోనే రుడాల్ఫ్ విర్షో ధమని గోడలోని ఈ మార్పునకు శోథమే మూలమనెను. వియన్నాలోని రోకిటాన్‌స్కీ, రక్తమునుండి దిగిన పదార్థమే మూలము, శోథము దాని వెనుక వచ్చునదనెను. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్, ఖలాటోవ్ కుందేళ్లకు కొలెస్టెరాలు తినిపించి ఈ వ్యాధిని కల్పించుటతో పందెము కొవ్వువైపు మొగ్గినది. అదే అనిచ్‌కోవ్ ఆ ఫలకములలో తెల్లకణములను కూడ చూచి వ్రాసెనన్న సంగతి చాలకాలము ఎవరికిని పట్టలేదు. 1999లో రస్సెల్ రాస్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు ఇది శోథవ్యాధియేనని ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసిన పిదప విర్షో మాట మరల వెలుగులోనికి వచ్చినది. (సికింద్రాబాదు వారికి రాస్ అనగానే 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచిన రొనాల్డ్ రాస్ తోచును. ఈయన వేరు.)

శోథ సిద్ధాంతమునకు ఆదరము పెరుగుటతో దానికొక దుర్వినియోగము కూడ బయలుదేరినది. "తప్పంతయు శోథముది, కొలెస్టెరాలు నిర్దోషి" అనువారు వచ్చిరి. వీరు తరచు చూపదగిన సాక్ష్యము రైల్వేలనుండియే వచ్చినది. రైల్వే వైద్యాధికారి ఎస్.ఎల్. మల్హోత్రా 1967లో భారతీయ రైల్వే ఉద్యోగుల మరణముల లెక్కలు ప్రచురించెను. సికింద్రాబాదు కేంద్రముగ దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడినది గనుక ఆ లెక్కలు దానికి ముందటి జోనులవి. పంజాబు ప్రాంతపువారు దక్షిణాదివారికంటె ఎన్నో రెట్లు కొవ్వు, అదియు పాలకొవ్వు, తినుచుండగా, హృదయ ధమనుల వ్యాధి దక్షిణాదివారిలోనే సుమారు ఏడు రెట్లు ఎక్కువగ కనిపించెను. ఆశ్చర్యకరమైన ఫలితమే. తినిన కొవ్వు నేరుగ పోయి ధమనికి అంటుకొనునను గార సిద్ధాంతమునకు ఇది గట్టి దెబ్బ.

అయితే ఈ లెక్కలు కొలెస్టెరాలును నిర్దోషిని చేయవు. మల్హోత్రా పోల్చినది ప్రాంతములను. ఒక్కొక్క మనుష్యుని రక్తమును ఏండ్ల తరబడి వెంబడించి కాదు. ప్రాంతమునకు ప్రాంతమునకు నడుమ తిండి ఒక్కటే మారదు. పైగా 2018లో వెలువడిన రాష్ట్రములవారి లెక్కలలో కేరళ, తమిళనాడులతోపాటు పంజాబు కూడ హృద్రోగములు మిక్కిలిగ ఉన్న రాష్ట్రములలో చేరినది. పళ్లెములోని కొవ్వు వేరు, రక్తములోని ఎల్.డి.ఎల్. వేరు. పుట్టుకతోనే ఎల్.డి.ఎల్. విపరీతముగ ఉండు కుటుంబములలో చిన్న వయసులోనే గుండెపోటులు వచ్చుటకు కారణము కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్లకు 1985లో నోబెల్ బహుమానము లభించినది. 1994లో 4,444 మంది హృద్రోగులపై జరిగిన పరీక్షలో ఎల్.డి.ఎల్.ను తగ్గించు మందు మరణములను 30 శాతము తగ్గించినది. శోథము కొలెస్టెరాలునకు ప్రత్యర్థి కాదు. కొలెస్టెరాలు హాని చేయు మార్గములలో అది ముఖ్యమైనది.

శోథమును రగిలించునవి మరికొన్ని ఉన్నవని నమ్ముటకు ఆధారములున్నవి: పొగాకు, మధుమేహము, కీళ్లను తినివేయు రుమటాయిడు వ్యాధి. గాలిలోని పొగనుగూర్చి హైదరాబాదు దాపుననే ఒక పరిశోధన జరిగినది. దాని పొట్టి పేరు 'చాయ్'. ఈ జంటనగరములకు తగిన పేరే. 28 గ్రామములలో మూడువేలకు పైబడిన పెద్దవారి కంఠధమని గోడ మందమును కొలిచి, వారు పీల్చు గాలిలోని సూక్ష్మధూళితో పోల్చిరి. 2020లో వచ్చిన ఫలితములనుబట్టి ధూళి ఎక్కువైన చోట గోడ మందము కొంత ఎక్కువగ ఉన్నది. ఈ సంబంధము పురుషులలో స్పష్టము. ఇక్కడను తొందరపడరాదు. ఒకేసారి కొలిచిన కొలత ఏది ముందో ఏది వెనుకో చెప్పదు. గోడ మందము ఫలకమునకు పర్యాయపదము కాదు. నడుమ పనిచేసినది శోథమేనని ఆ కొలత ఒక్కటే నిరూపింపదు.

మరి నిరూపించునదేది? రక్తములో సి.ఆర్.పి. అను మాంసకృత్తు ఉన్నది. 1930లో న్యుమోనియా రోగులలో దీనిని కనుగొనిరి. శరీరములో ఎక్కడ శోథమున్నను, ఇంటర్‌ల్యూకిన్-6 ఆజ్ఞపై కాలేయము దీనిని తయారుచేయును. ఇది ఎక్కువగ ఉన్నవారికి గుండెపోటు కూడ ఎక్కువ. కాని పుట్టుకతోనే సి.ఆర్.పి. ఎక్కువగ ఉండునట్టి జన్యువులు గలవారిలో హృద్రోగము ఎక్కువ లేదు. అది పొగయే గాని నిప్పు కాదన్నమాట. పొగను కొలుచుట మంచిదే. పొగను ఆర్పుటకు బయలుదేరుట వ్యర్థము. సెగగడ్డ పోలికను అతిగ నమ్మినవారు మూలములో క్రిమి ఉండవలెనని కూడ వెదకిరి. 2005లో 4,012 మందికి ఒక ఏడాదిపాటు ఆంటిబయాటిక్ ఇచ్చి చూచిరి, లాభము లేకపోయెను. మంచి పోలికకు కూడ హద్దున్నది.

నిప్పునే ఆర్పి చూచిన మొదటి పెద్ద పరీక్ష 2017 నాటి 'క్యాంటోస్'. పూర్వము గుండెపోటు వచ్చి, సి.ఆర్.పి. ఎక్కువగ ఉన్న 10,061 మందిని తీసికొని, కొందరికి ఇంటర్‌ల్యూకిన్-1బీటాను అడ్డగించు కనకినుమాబ్ అను ఔషధమిచ్చిరి. ఎల్.డి.ఎల్. తగ్గలేదు. అయినను 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతము, హృద్రోగ మరణము కలిపి 15 శాతము తగ్గినవి. కొవ్వును ముట్టకుండ శోథమును మాత్రమే తగ్గించి లాభము చూపుట అదే మొదలు. కాని అంటురోగములతో మరణించినవారి సంఖ్య పెరిగినది. మొత్తము మరణములలో తేడా రాలేదు. తెల్లకణములను నిరాయుధులను చేసినచో క్రిములు ఊరకుండవు గదా. గుండె జబ్బునకు ఈ మందును అమెరికా ప్రభుత్వ సంస్థ 2018లో అనుమతింపలేదు.

రెండవ పరీక్షలో ఒక తెలుగువాని పేరు చేరినది. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లె పరిశోధనశాలలో నడిపించిన కృషినుండియే ఫోలిక్ ఆమ్లమునకు విరుద్ధముగ పనిచేయు మందులు వచ్చినవి. వానిలో మెథోట్రెక్సేటు క్యాన్సరునకును, తరువాత తక్కువ మోతాదులో కీళ్లవ్యాధికిని వాడుకలోనికి వచ్చినది. దానిని వాడు కీళ్లరోగులకు గుండెపోటులు తక్కువని గమనించి, 4,786 మంది హృద్రోగులకు ఇచ్చి చూచిరి. 2018లో ఫలితము వెలువడినది: గుండెపోటులు తగ్గలేదు. సిద్ధాంతము ఓడినపుడు నెపము మందుపై వేయుట సులభము; ఆ సాకును సాధారణముగ అంగీకరింపరాదు. ఇక్కడ మాత్రము అంగీకరింపవచ్చును. ఆ పరీక్షలోనే కొలిచి చూడగా ఇంటర్‌ల్యూకిన్‌లు గాని సి.ఆర్.పి. గాని తగ్గనే లేదు. నిప్పు ఆరలేదు గనుక ఆర్పినచో ఏమగునో అది చెప్పలేదు.

మూడవది అగ్గువ మందు కొల్చిసిన్. వాతపు నొప్పికి చిరకాలముగ వాడుచున్నదే. మన అడవులలో ఎర్రని, పసుపుపచ్చని జ్వాలలవంటి పూలు పూయు అడవినాభి దుంపలో కూడ ఈ పదార్థమున్నది. ఆ దుంప తిని మరణించినవారున్నారు గనుక విద్యార్థులకు దానిని చూపునపుడు ఈ సంగతి ముందు చెప్పవలెను. రోజుకు అర మిల్లీగ్రాము చొప్పున ఇచ్చిన రెండు పరీక్షలు, 2019లో 4,745 మందిపైనను 2020లో 5,522 మందిపైనను జరిగినవి, లాభము చూపినవి. రెండవదానిలో ప్రమాదములు 9.6 శాతమునుండి 6.8 శాతమునకు దిగినవి. 2023లో అమెరికాలో అనుమతియు వచ్చినది. అంతలో 2024లో 7,062 మంది గుండెపోటు రోగులపై జరిగిన మరియొక పెద్ద పరీక్ష వెలువడినది: మందు తీసికొన్నవారిలో 9.1 శాతము, ఉత్తుత్తి మాత్ర తీసికొన్నవారిలో 9.3 శాతము. తేడా లేదు. మెథోట్రెక్సేటు విషయములో చెప్పిన సమాధానము ఇక్కడ చెల్లదు. ఈ పరీక్షలో సి.ఆర్.పి. తగ్గినది, గుండెపోటులు మాత్రము తగ్గలేదు. శోథ సిద్ధాంతము నెదుట నిలిచిన అన్నిటికంటె గట్టి ఆక్షేపణ ఇదే. గుండెపోటు వచ్చిన వెంటనే ఇచ్చుటకును, నిలకడగ ఉన్న రోగికి ఏండ్ల తరబడి ఇచ్చుటకును భేదముండవచ్చునని కొందరు వాదింతురు. తగ్గిన పొగ వేరొక నిప్పునుండి వచ్చినదేమో యనియు అడుగవచ్చును. సి.ఆర్.పి.ని పుట్టించు ఇంటర్‌ల్యూకిన్-6నే నేరుగ అడ్డగించు ఔషధముతో, మూత్రపిండముల జబ్బు, ధమనుల జబ్బు రెండును గలిగి సి.ఆర్.పి. ఎక్కువగ ఉన్న ఆరువేలమందికి పైగా రోగులపై 2021లో వేరొక పరీక్ష మొదలుపెట్టిరి.